గరిక వేసిన పాలు

"గది గాదమ్మా, దాని కింద పచ్చది తియ్యి. అంచు పెద్దగుండాలె."

భాగ్యలక్ష్మి పై అరలోకి చెయ్యెత్తింది. చెయ్యెత్తగానే చంకలోంచి రొమ్ము దాకా నరం లాగి కళ్లలో నీళ్లు తిరిగాయి. గోడ గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది. ఆమె పాలు పిండుకోవాల్సింది ఒంటిగంటకు. పెళ్లిచీర కోసం వచ్చిన ఈ తల్లీకూతుళ్లు అంతసేపటి నుంచీ పరుపు మీద కూర్చుని ముప్పై ఆరు చీరలు విప్పించారు, ఒక్కటీ పక్కన పెట్టలేదు. మూడున్నరకు గ్రహణం పడుతుందట, ఆలోపల కొనేసి ఇల్లు చేరాలట. తొందర వాళ్లదే, నిదానమూ వాళ్లదే.

ముప్పై ఏడో చీర మడత విప్పుతుండగా పాలు దిగాయి. దిగుతున్నాయని ముందే తెలుస్తుంది గాని ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. లోపల మడిచి పెట్టుకున్న పాత లుంగీ గుడ్డ తడిసింది, దాని మీది జాకెట్టూ తడిసింది. భాగ్య కొంగు ముందుకు లాక్కుంది. అప్పటికే కూతురు చూసి, ముక్కు చిట్లించి తల్లి మోచెయ్యి పొడిచింది.

"ఏయ్, చీరకు అంటనియ్యకు" అంది తల్లి.

ఆమె ఆ కూతుర్ని కని, పాలిచ్చి పెంచిన మనిషే కదా! ఆ మాట ఎలా వచ్చిందో నోటికి. ఇంతా చేసి, ఇంట్లో అడిగి వస్తామని చెప్పి ఇద్దరూ లేచి వెళ్లిపోయారు.

నిజామాబాద్ బజారులో నాలుగంతస్తుల అద్దాల దుకాణం అది. పేరు సిరిపట్టు. ఇరవై రెండు మంది ఆడవాళ్లు పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా నిలబడి పనిచేస్తారు. కొనేవాళ్లకు చల్లటి ఏసీ, కూల్‌డ్రింకు, కూర్చోడానికి మల్లెపువ్వులా తెల్లటి పరుపు. పనిచేసేవాళ్లకు మూడో అంతస్తులో, గోదాం వెనకాల, ఒకే ఒక్క లెట్రిన్. దానికీ తాళం. తాళంచెవి సూపర్‌వైజర్ నరేందర్ జేబులో ఉంటుంది. ఆడపిల్లలు పోయి అక్కడే కూర్చుంటున్నారని యజమాని రాజారాం సేటు పెట్టిన నియమం అది. ఆ గదిని ఒక్కసారి చూసినవాడెవడూ అక్కడ సరదాకి కూర్చుంటారని అనడు. సేటు దాన్ని ఎన్నడూ చూడలేదు.

"నరేందరన్నా, జెర తాళంచెవి ఇయ్యవా" అని అడిగింది భాగ్య.

"మళ్లీనా? పదింటికే పోయినవ్ గదా! మిగిలినోళ్లకు లేరా పిల్లలు? వాళ్లకు లేని పాలు నీకొక్కదానికే వస్తున్నయా?"

"వాళ్ల పిల్లలు ఇంటికాడ సీకుతరన్నా. నా బిడ్డకు సీకరాదు. నీకు తెల్వంది గాదు."

నరేందర్‌కు తెలుసు. దుకాణంలో అందరికీ తెలుసు. తెలిసీ ప్రతిసారీ ఆమె నోటితోనే అనిపిస్తాడు. అదొక వినోదం అతనికి.

భాగ్య కూతురు సంజనకు మూడు నెలలు. పై పెదవీ, లోపల అంగిలీ చీలి పుట్టింది. రొమ్ము అందిస్తే ఆకలిగా నోరు పెడుతుంది, దవడలు ఆడిస్తుంది, చుక్క కూడా లాగలేదు. ఎర్రగా కందిపోయి ఏడుస్తుంది. అందుకే పుట్టిన మూడో రోజు నుంచీ భాగ్య పిండడం, ఆ పాలను అత్త ముత్తవ్వ ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోయడం. మధ్యలో ఒకసారి డబ్బా పాలు పట్టారు. నాలుగు వందల అరవై పెట్టి కొన్న డబ్బా నాలుగు రోజులే వచ్చింది, ఆ నాలుగు రోజుల్లోనే పిల్లకు విరేచనాలు పట్టుకుని రెండు వందల గ్రాములు తగ్గింది. ఇంకెప్పుడూ ఆ పని చేయొద్దన్నాడు డాక్టరు.

ఆయనే ఇంకో మాట చెప్పాడు. వచ్చే సోమవారం హైదరాబాద్ నుంచి పెద్ద డాక్టర్లు వస్తున్నారు, పెదవికి పైసా ఖర్చు లేకుండా ఆపరేషన్ చేస్తారు. పిల్ల నాలుగున్నర కిలోలు ఉండాలి. ఒక్క గ్రాము తగ్గినా మత్తు ఇవ్వరు. మళ్లీ ఎప్పుడు వస్తారో చెప్పలేడు. మొన్న ఆదివారం అంగన్‌వాడీ తక్కెడలో సంజన నాలుగు కిలోల మూడు వందల నలభై తూగింది. అంటే రోజుకు ఇరవై గ్రాములు పెరగాలి. ఈ రోజు మంగళవారం. భాగ్యకు ఇప్పుడు లోకంలో తెలిసిన లెక్క ఆ ఇరవై గ్రాములు ఒక్కటే.

లెట్రిన్ తలుపు తీయగానే వాసన మొహాన కొట్టింది. బల్బు పోయి రెండు నెలలు. పై అంతస్తు దర్జీలు కూడా ఇక్కడికే వస్తారు, గోడలు రెండూ వాళ్ల గుట్కా ఉమ్ములతో ఎర్రబారిపోయాయి. మూలన కాగితాల్లో చుట్టి పడేసిన మురికిగుడ్డల చుట్టూ ఈగలు. లోపలి గడియ ఊడిపోయింది కాబట్టి ఒక కాలు తలుపుకు అడ్డంగా తన్నిపెట్టాలి. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, మరిగించిన నీళ్లలో కడిగి గుడ్డలో చుట్టి తెచ్చుకున్న పాలు పిండే పంపు తీసింది భాగ్య. ఖలీల్‌వాడి మెడికల్ షాపులో ఎనిమిది వందల యాభై పెట్టి కొన్నది. నెలకు తొమ్మిది వేల జీతంలో అది ఎన్ని రోజుల కష్టమో లెక్క వేసుకున్నప్పుడల్లా ఆమె దాన్ని ఇంకా జాగ్రత్తగా పట్టుకుంటుంది.

కిచ్, కిచ్, కిచ్. ముక్కు మూసుకోవాలంటే చెయ్యి ఖాళీ లేదు. ఒక చేత్తో పంపు నొక్కాలి, ఇంకో చేత్తో సీసా మీద ఈగ వాలకుండా విసురుకోవాలి. ఈ గదిలో కూర్చుని ఒక్క గుక్క చాయ తాగమంటే సేటు తాగుతాడా? నరేందర్ తాగుతాడా? కడుపులో ఉన్నదంతా కక్కుకోరూ! మూడు నెలల పసిగుడ్డు తాగే పాలు మాత్రం రోజుకు మూడుసార్లు ఇక్కడే తయారవ్వాలి. థూ, ఏం మనుషులు వీళ్లు అనుకుంది భాగ్య. ఆ మాట ఆమె రోజూ అనుకుంటుంది. ఈ రోజు పైకే అనేసింది, వినేవాళ్లు లేరు గనక.

నూట ముప్పై మిల్లీలీటర్లు వచ్చాయి. పొద్దున పదింటివి నూట ఇరవై. రెండూ కలిపి రెండు వందల యాభై, అంటే రాత్రికీ తెల్లవారికీ సంజనకు సరిపడా. భాగ్య మెట్లు దిగి రెండో అంతస్తులో చాయ కాచే గదిలోకి వచ్చింది. చాయ పెట్టే గంగుబాయికి అరవై ఏళ్లుంటాయి. సరిహద్దు అవతల ఏదో ఊరి నుంచి కోడలిగా వచ్చి నలభై ఏళ్లయినా మాటలో మరాఠీ యాస పోలేదు.

"నిండినయా బేటీ? పెట్టు, ఎనకకు పెట్టు. కూరగాయల డబ్బా దాపుకు" అంది గంగుబాయి ఫ్రిజ్ తెరుస్తూ.

వెనకాల ఉన్న స్టీలు డబ్బా మూత తీసి రెండో సీసా అందులో పెట్టింది భాగ్య. మొదటి సీసా మీద పచ్చటి గరికపోచ ఒకటి ఉంది. గంగుబాయి చూసి మెచ్చుకోలుగా తల ఊపింది.

ఆ గరిక ముత్తవ్వ ఇచ్చింది. పొద్దున బోధన్‌లో బస్సెక్కే ముందు వెంటబడి మరీ చేతిలో పెట్టింది. "పాలడబ్బాల ఏసుకో బిడ్డా. గ్రహణం ఇయ్యాల. ఒకసారి సేసిన తప్పు సాలు" అంది.

చేసిన తప్పు! ముత్తవ్వ లెక్కలో సంజన పెదవి చీలింది గ్రహణం వల్లనే. భాగ్య ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు కత్తెర పట్టింది. పట్టిన మాట నిజమే. మర్నాడు పెళ్లివాళ్లకు ఇవ్వాలని రాజారాం సేటు పన్నెండు చీరలు ఇంటికి పంపాడు, ఫాల్స్ కుట్టమని. చీరకు ఇరవై రూపాయలు. కుట్టుపని కత్తెర లేకుండా అవుతుందా? పిల్ల పెదవి మూడో నెలలోనే అతుక్కోవాలనీ, ఏడో నెలలో పట్టిన కత్తెరకు దానితో ఏ సంబంధమూ లేదనీ డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు. ముత్తవ్వ ఆ బొమ్మ చూసి, "గాయినె కనలేదు గద" అంది. భర్త సాయిరాం మాత్రం ఏమీ అనలేదు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డాక చెరుకు దూరపు మిల్లులకు పోతోంది, ట్రాక్టరు మీద వెళ్లి మూడేసి రోజులు ఇంటికి రాడు. వచ్చిన రాత్రి కూతుర్ని ఎత్తుకుని, కత్తెర ఎక్కడ దాచావని అడిగాడు. అంతకంటే ఏమన్నా అంటేనే బాగుండేదనిపించింది భాగ్యకు.

అందుకే గరిక వేసింది. నమ్మి వేసిందా అంటే ఆమే చెప్పలేదు. రేపు పిల్లకు ఏమైనా అయితే మళ్లీ తన మీదికి రాకూడదు, అంతే. పైగా డబ్బాలో గరిక ఉంటే దుకాణంలో కూడా ఎవరూ వేలెత్తి చూపరనుకుంది. ఆ అనుకోవడంలోనే మోసపోయింది.

మూడుంబావుకు షట్టరు సగానికి దించేశారు. పొద్దుమూకి గ్రహణం విడిచేదాకా బేరం లేదు. బేరం లేదు గనక ఆడవాళ్లను ఇంటికి పంపారా అంటే అదీ లేదు. గ్రహణం సేటు గల్లాపెట్టెకే గాని వాళ్ల పనికి లేదు కదా! అందరినీ కింది అంతస్తులో కూర్చోబెట్టి, విప్పిన చీరలన్నీ మడతపెట్టమన్నారు. సేటు ఒక గరికకట్ట పట్టుకుని స్వయంగా రెండో అంతస్తుకు ఎక్కాడు. ఇలాంటి పనులు పనివాళ్లకు వదిలేస్తే శ్రద్ధగా చేయరని ఆయన నమ్మకం.

ఫ్రిజ్‌లో చాయ కోసం తెచ్చిన ఎనిమిది బర్రెపాల ప్యాకెట్ల మీద ఒక్కొక్క పోచ పెట్టాడు. పెరుగు గిన్నెలో ఒకటి. అల్లుడి తరఫు వాళ్ల కోసం తెప్పించిన కోవా డబ్బా మీద రెండు. లక్ష్మి పటానికి వేసే పూలమాల మీద ఒకటి. వెనకాల స్టీలు డబ్బా కనిపిస్తే తీసి మూత తెరిచాడు. లోపల అప్పటికే గరిక ఉంది.

"చూసినవా నరేందర్, గిది పద్ధతంటే. నేను చెప్పకముందే ఏసి పెట్టిండ్రు ఎవరో" అన్నాడు సంతోషంగా. సీసా తీసి వెలుగుకు పెట్టి చూశాడు, మూత విప్పి వాసన కూడా చూశాడు. "ఏం పాలు గంగుబాయీ ఇవి? పల్చగున్నయి?"

గంగుబాయి పొయ్యి వైపు తిరిగి నిలబడింది. రెండోసారి అడిగేసరికి, "భాగ్యయి సేటూ. పిల్లకు" అంది.

సేటు చేతిలోంచి సీసా దాదాపు జారింది. దాన్ని గట్టు మీద పెట్టి, చెయ్యి దులుపుకుని, పంచెకు తుడుచుకుని, మళ్లీ వెళ్లి సబ్బుతో కడుక్కున్నాడు. కడుక్కుంటూనే ఛీ ఛీ అని కేకలు. బల్లి పడిన అన్నం తిన్నవాడు కూడా అంత గోల చేయడు. ఆయన పుట్టగానే తాగింది చాయ కాదు కదా!

భాగ్యను పైకి పిలిపించారు.

"ఎవర్నడిగి పెట్టినవ్? నా చాయపాల పక్కన? లక్ష్మికి ఏసే పూలున్న ఫ్రిజ్‌ల?"

"మూతలు గట్టిగ బిగించి, డబ్బాల పెట్టిన సేటూ. దేనికీ తాకలేదు."

"తాకలేదంటది! మైల గాదా అది?"

"గరిక గూడ ఏసిన సేటూ, సూడుండ్రి" అంది భాగ్య. ఆ పోచను వేళ్లతో తీసి చూపించింది కూడా. తర్వాత ఎన్ని రోజులు తలుచుకుని సిగ్గుపడిందో ఆ పనికి.

"గరిక మంచిదానికి ఏస్తరు, మైలకు ఏస్తరా? గ్రహణమొర్రి పిల్లను కన్నవ్. ఆ పాలు తెచ్చి గ్రహణం నాడు నా దుకాణంల పెట్టినవ్! నా ఇల్లు ముంచుదామనా?"

"సేటూ, అవి నా బిడ్డ పొద్దటిదాంక తాగే పాలు. సోమవారం దానికి ఆపరేషనున్నది. బరువు రావాలె. డబ్బా తీస్త, నా సంచిల పెట్టుకుంట, ఇయ్యుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగింది. సేటు రెండడుగులు వెనక్కి జరిగాడు, ఆమె చెయ్యి తగులుతుందని.

"నరేందర్, పో, లెట్రిన్ల పారబొయ్. గంగుబాయీ, ఫ్రిజ్ మొత్తం పసుపునీళ్లతోని కడుగు."

నరేందర్ చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని సీసాలు పట్టుకున్నాడు. చచ్చిన ఎలుకను తీసేవాళ్లు తొడుక్కున్నట్టు తొడుక్కున్నాడు. భాగ్య వెంట పరుగెత్తింది. మూడో అంతస్తు చేరేసరికి మొదటి సీసా అయిపోయింది. ఆమె చూస్తుండగానే రెండోది వంచాడు. తెల్లటి పాలు ఆ పసుపుపచ్చటి గార మీదుగా జారాయి, తెలుపు కాసేపు అలాగే నిలబడింది. ట్యాంకులో నీళ్లు లేవు. మగ్గుతో ఒకసారి కొట్టి, "నా మీద కోపం పెట్టుకోకు భాగ్యా, నేను గూడ జీతపోన్నే" అన్నాడు. ఖాళీ సీసాలు బకెట్టు మీద పెట్టి దిగిపోయాడు.

భాగ్య అక్కడే నిలబడి ఏడ్చింది. రెండు వందల యాభై. పది గంటల నుంచి నిలబడ్డ కాళ్లు, నలభై నిమిషాలు ఓర్చుకున్న నొప్పి, ఈగలతో యుద్ధం, అంతా ఆ గుంటలోకి పోయింది. బర్రెపాలు కింద ఫ్రిజ్‌లో గరిక పెట్టుకుని చల్లగా ఉన్నాయి. ఈ రాత్రి సంజన ఏం తాగుతుంది? సీసాలు కొంగులో చుట్టుకుంది. కిందికి దిగి, గంగుబాయి దగ్గర మరిగే నీళ్లు పోయించుకుని, ఒకటికి నాలుగుసార్లు కడిగింది. ముసలామె పసుపునీళ్ల గిన్నె పక్కన పెట్టి, కళ్లు తుడుచుకోవడానికి కూడా పసుపు లేని చెయ్యి వెతుక్కుంది.

నాలుగున్నరయింది. షట్టరు పూర్తిగా దించేసి లోపల లైట్లన్నీ వేశారు. తెల్లటి పరుపు చుట్టూ కింద బండల మీద కూర్చుని ఆడవాళ్లు చీరలు మడుస్తున్నారు. పరుపు మీద కూర్చోవడం కొనేవాళ్లకే. గల్లా దగ్గర సేటు ఫోన్‌లో స్తోత్రం పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. దుఃఖానికి పాలు ఎండుతాయంటారు గాని భాగ్యకు ఎండలేదు. మళ్లీ రొమ్ములు బిగిశాయి, మళ్లీ గుడ్డ తడిసింది.

లేచి వెళ్లి నరేందర్ ముందు చెయ్యి చాపింది. అతను సేటు వైపు ఒకసారి చూసి, తాళంచెవి తీసి ఇచ్చాడు. ఈసారి వెక్కిరించలేదు. జాలిగానే, గొంతు తగ్గించి, "పో. పిండి ఆడనే పారబోసి రా. కిందికైతే తేకు, మళ్ల లొల్లయితది" అన్నాడు.

భాగ్య సంచి తీసుకుని మెట్ల దాకా నడిచింది. రెండు మెట్లు ఎక్కింది కూడా. పిండి ఆడనే పారబోసి రా. అంటే పాలు పిండేది బిడ్డకు కాదు, నొప్పి తగ్గడానికన్నమాట. గుట్కా ఉమ్ములోకి, ఆ గుంటలోకి, రోజుకు మూడుసార్లు! వెగటు పుట్టింది. ఇన్నాళ్లూ ఆ వాసన మీద వచ్చిన వెగటు కాదు ఇది. అరికాలి కింద మెట్టు చల్లగా తగిలింది. ఆమె వెనక్కి తిరిగింది.

తాళంచెవి తెచ్చి సేటు ముందు గల్లాపెట్టె మీద పెట్టింది. ఆ చప్పుడుకు ఆయన కళ్లు తెరిచాడు. భాగ్య నేరుగా వెళ్లి తెల్లటి పరుపు మీద, ఫ్యాను కింద, మధ్యాహ్నం ఆ తల్లీకూతుళ్లు కూర్చున్న చోటే కూర్చుంది. సంచిలోంచి పంపు తీసింది. కొంగు కప్పుకుంది.

"ఏయ్! ఏం జేస్తున్నవ్? లే! పరుపు మీదికెళ్లి లే!"

"పాలు పిండుకుంటున్న సేటూ."

"గిక్కడనా? సిగ్గు లేదా? పైకి పో!"

"పోను. గా లెట్రిన్లకు నేను మళ్ల పోను." పంపును సీసాకు బిగించింది. "నా బిడ్డ తినేది గాడ తయారు చెయ్యను. ఇవి నిండినంక మీ ఫ్రిజ్‌లనే పెడ్త. గరిక గూడ ఎయ్య."

"నరేందర్! దీన్ని బైటికి దొబ్బు! రేపటికెల్లి పనికి రావొద్దు!"

నరేందర్ గల్లాపెట్టె దాకా వచ్చాడు. తాళంచెవి చేతిలోకి తీసుకుని, ఏం చేయాలో తోచక దాన్ని తిప్పుతూ నిలబడిపోయాడు. పరుపుకు ఇటు పక్క భాగ్యతో పాటు చీరలు చూపే సుష్మా, ఇంకో పిల్లా ఆకుపచ్చ పట్టుచీర చెరో కొస పట్టుకుని మడత వేస్తున్నారు. పద్దెనిమిది వేల చీర అది. వాళ్లు మడవడం ఆపేశారు. చీరను నిలువునా సాగదీసి పట్టుకుని, నాలుగడుగులు జరిగి, భాగ్యకూ మగవాళ్లకూ మధ్య నిలబడ్డారు.

"చీర! చీర కిందికి తగులుతున్నది!" అని అరిచాడు సేటు.

ఫోన్‌లో స్తోత్రం తన మానాన తాను సాగుతోంది. పై నుంచి గంగుబాయి మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. ఆమె ఆవిరి కక్కుతున్న నీళ్లగిన్నె కొంగుతో పట్టుకుని వచ్చి, పరుపు అంచున పెట్టి, అక్కడే బండ మీద కూర్చుంది. "కానియ్యి బేటీ" అంది.

కిచ్, కిచ్, కిచ్.

భాగ్య సేటు కేకలు వినడం మానేసింది. కొంగు కాస్త ఎత్తి సీసా వైపు చూసింది. పాలు ముప్పై గీత తాకాయి. సంజనకు ఒక్క పూటకు ఇంకా తొంభై కావాలి.